వినగడపకీ కువైట్‌కీ మధ్య అర సెకను

ముప్పై ఒక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. కాంతి వేగం ఎంత అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ అంకెలో ఒక సున్నా తక్కువ వేసిన పిల్లల్ని క్లాసులో నిలబెట్టి నానా మాటలూ అన్నదాన్ని. అంత చేసీ ఆ అంకె అంటే ఏంటో నాకు తెలియదని, ఈ మే నెలలో తిరువూరు వెళ్లి నాలుగు రోజులుండి వచ్చాక తెలిసింది. ఆ సంగతి ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

"తిరువూరులో ఏముందని ఇంత ఎండలో పోతావక్కా?" అని మా అనంతపురంలో పక్కింటావిడ అడిగింది. విజయకుమారి ఉంది అన్నాను. బీఎడ్ చదివే రోజుల్లో మా ఇద్దరిదీ ఒకే గది. తను తిరువూరులో టీచరుగా చేసి రిటైరయింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాగానే నాకు ఫోన్ చేస్తుంది. గంటసేపు మాట్లాడుకుంటాం. అయినా మనిషిని చూసి ఇరవై ఏళ్లు దాటింది. ఫోనే లేకపోతే ఈపాటికి ఎన్నిసార్లు వెళ్లొచ్చేదాన్నో అని ఒక్కోసారి ఆ ఫోను మీదే కోపం వచ్చేది.

మైలవరం దాటాక

రాత్రంతా రైలు, పొద్దున్నే విజయవాడ. అక్కడ తిరువూరు బస్సెక్కితే కిటికీ పక్క సీటు దొరికింది. ఆ సీటు ఎండ వైపని బస్సు కదిలాక తెలిసింది. నా పక్కన ఒకావిడ ఒళ్లో బుట్ట పెట్టుకుని కూర్చుంది. నిండా తాటి ముంజలు.

"మీ వైపు ముంజలుండవా అండీ?" అంది, నేను అదే పనిగా బుట్టలోకి చూస్తుంటే.

ఉంటాయి గానీ ఇంత లేతవి చూడలేదన్నాను. ఒకటి తీసి చేతిలో పెట్టింది. మా వైపు ముంజని ఒలిచి, ముక్కలు చేసి, గిన్నెలో వేసుకుని తింటాం. ఈవిడ బొటనవేలు దిగేసి జుర్రేసింది. నేనూ అలాగే చేద్దామని వేలు దించాను. లోపలి నీళ్లు చిమ్మి నా చీర మీదా, ముందు సీటాయన మెడ మీదా పడ్డాయి. ఆయన వెనక్కి తిరిగి నన్నూ, నా చేతిలో ముంజనీ చూసి, "కొత్తా అండీ?" అని మాత్రం అని మళ్లీ ముందుకు తిరిగాడు. మా ఊళ్లో అయితే వంశం మొత్తాన్నీ తలుచుకునేవాళ్లు.

మైలవరం దాటాక బస్సు టైరు పంక్చరయింది. అందరం దిగి, రోడ్డు పక్క మామిడి తోట నీడలో నిలబడ్డాం. అప్పుడే విజయ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే?"

"టైరు పోయింది. మామిడి చెట్టు కింద ఉన్నా."

"పప్పు పొయ్యి మీద పెట్టేశానే! నువ్వేమో చెట్టు కింద ఉన్నానంటావు."

తన వంటింట్లో పోపు చిటపటలాడడం నాకు వినిపించింది. ముంజలావిడ పక్కనే నిలబడి ఇదంతా వింటోంది. నేను ఫోన్ పెట్టేశాక, "మాట అప్పుడే తిరువూరు వెళ్లిపోయింది, ఒళ్లే ఇక్కడ ఉండిపోయింది" అని నవ్వింది. నేనూ నవ్వాను. విజయవాడ నుంచి తిరువూరుకి మొత్తం మూడు గంటలు పట్టింది.

విజయ ఇంట్లో ఆవకాయ

విజయ జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆ సంగతి ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. గుమ్మంలో ఒకళ్లనొకళ్లం చూసుకుని ముందు నవ్వుకున్నాం, తర్వాత కాస్త ఏడ్చుకున్నాం, ఆ తర్వాత అన్నానికి కూర్చున్నాం. మామిడికాయ పప్పు, వడియాలు, గడ్డపెరుగు.

నేను వెళ్లింది ఆవకాయ పెట్టే రోజుల్లో. ఆ మధ్యాహ్నమే పెద్ద బేసిన్లో ముక్కలూ కారం ఆవపిండీ వేసి విజయ మోచేతుల దాకా కలిపింది. కొత్త ఆవకాయ జాడీలోకి ఎత్తేశాక, బేసిన్‌కి అంటుకున్న ఎర్రటి పిండిలో వేడన్నం వేసి కలిపి, ముద్దలు చేసి ఇంట్లో ఉన్నవాళ్లందరి చేతుల్లో పెట్టడం ఇక్కడి అలవాటు. మా వైపు ఆవకాయ ఇంత పట్టింపుగా పెట్టం. మొదటి ముద్దకే నా కళ్లలోంచి నీళ్లు కారాయి. రెండో ముద్ద నేనే అడిగి తీసుకున్నాను.

మూడో ముద్ద విజయ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో పెట్టింది. నలభై అయిదేళ్లుంటాయి, సన్నగా, ఎండకి కమిలిన ముఖం. ఆమె పేరు రూతమ్మ. దగ్గర్లోని వినగడప అనే ఊళ్లో ఉంటుంది, పొలం పనులకి వెళుతుంది. కొత్తగా కట్టిన ఇంటికి గురువారం గృహప్రతిష్ఠ ప్రార్థన ఉంది, టీచరు గారు తప్పకుండా రావాలని పిలవడానికి వచ్చింది.

"ఇల్లు నాది కాదండీ, మా చెల్లెలిది" అంది నాతో. "సలోమిది. కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది, ఆరేళ్లయింది. అది పంపితే నేను దగ్గరుండి కట్టించాను."

"చెల్లెలు వస్తోందా మరి?"

రూతమ్మ తల అడ్డంగా ఊపింది. సలోమి చూసుకునే ముసలావిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుందట. ఇప్పుడు సెలవు లేదన్నారట.

అప్పుడు విజయ అసలు సంగతి చెప్పింది. ఈ అక్కచెల్లెళ్లు చిన్నప్పటి నుంచీ చర్చిలో కలిసే పాడతారు. వాళ్లమ్మ నాట్లు వేస్తూ కట్టుకున్న పాట ఒకటుంది. సొంత ఇల్లంటూ కట్టుకుంటే మొదటిరోజు ఇద్దరూ ఆ పాటే పాడాలని తాటాకు ఇంట్లో పడుకుని అనుకునేవాళ్లట. ఇప్పుడు ఇల్లు వచ్చింది. ఫోన్లో కలిసి పాడదామని నెల నుంచీ ప్రయత్నిస్తున్నారు. కుదరడం లేదు.

"సిగ్నల్ బాగోదా?" అన్నాను.

"బానే ఉంటుందండీ. మాట గంట కొట్టినట్టు వినపడుద్ది. పాటే కలవదు." రూతమ్మ చేతిలో ముద్ద అలాగే ఉంది. "మాట్లాడుకుంటే పక్కనే ఉన్నట్టుంటుంది. పాడబోతే ఎక్కడో ఉన్నట్టుంటుంది. టీచరు గారు చెప్పారు, మీరు సైన్సు మేడం అంట కదా. ఎందుకట్లా అవుద్దో చెప్పండమ్మగారూ. కలవకపోతే నేను పాడను. ఒక్కదాన్ని ఎట్లా పాడతాను?"

ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నన్నెవరూ ఇంత అవసరంగా ఫిజిక్సు అడగలేదు. నేను గొంతు సవరించుకున్నాను. "రేపు సాయంత్రం వస్తాను, చూద్దాం" అన్నాను, డాక్టరు లాగా.

నెమలి దారిలో గాజు దారం

మర్నాడు పొద్దున్నే విజయ నన్ను నెమలి అనే ఊరికి తీసుకెళ్లింది. వేణుగోపాలస్వామి గుడి ఉందక్కడ. తను క్రైస్తవురాలు, నేను దండం పెట్టుకుంటుంటే బయట నీడలో చెప్పులకి కాపలా కూర్చుంది. బయటికి రాగానే, ప్రసాదం చల్లారకముందే పెట్టమని చెయ్యి చాపింది.

వచ్చేటప్పుడు దారిలో మా ఆటో ఆగింది. రోడ్డు పక్క గొయ్యి తవ్వి ఉంది. గొయ్యి పక్కన చిన్న గొడుగు వేసుకుని, ఒకాయన బల్ల మీద వంగి ఏదో చేస్తున్నాడు. పేరు బాజీ అని తర్వాత చెప్పాడు. తెగిన ఫోను కేబుళ్లు అతకడం ఆయన పని. కేబులంటే రాగి తీగ అనుకుని చూస్తే, ఆయన వేళ్ల మధ్య ఏమీ లేదు. ఎండ పడినప్పుడు మాత్రం సన్నగా మెరిసింది.

"గాజండీ" అన్నాడు. "వెంట్రుకంత."

నేను దీని బొమ్మని బోర్డు మీద వందసార్లు వేశాను. లోపల కాంతి గోడలకి తగిలి తగిలి వంకరటింకరగా వెళుతున్నట్టు గీతలు గీసి, బాణం గుర్తులు పెట్టి, పరీక్షకి ముఖ్యం అని రాశాను. అసలు దాన్ని కంటితో చూడడం మాత్రం ఇదే. చెయ్యి ఆగలేదు. ముట్టుకున్నాను.

"ముట్టుకోకండి!" అని బాజీ అనేసరికే చూపుడువేలులో గాజు ముక్క దిగింది. నొప్పి ఉంది, కంటికి ఏమీ కనపడదు. బాజీ విసుక్కోలేదు. టేపు ముక్క నా వేలికి అంటించి ఒక్క లాగుతో పీకేశాడు. "అందరూ ముట్టుకుంటారు" అన్నాడు.

అతికాక ఒక పెన్ను లాంటి దీపం తీసి గాజు దారం ఈ చివర పెట్టాడు. చుట్ట చుట్టి పెట్టిన కేబులు అవతలి చివర ఎర్రటి చుక్క వెలిగింది. నేను వాచీ చూసుకున్నాను, అలవాటు కొద్దీ. వాచీతో కొలిచేదేముంది! మధ్యలో వెళ్లిన సమయమే లేదు నా కంటికి.

"ఈ చుట్ట సరే. ఎంత దూరం వెళుతుంది?" అన్నాను.

"ఇది విజయవాడ దాకా. అక్కడ ఇంకోదానికి కలుస్తుంది. అట్లా కలుస్తా కలుస్తా సముద్రంలోకి." ఆయన ఇంకో పెట్టె చూపించాడు. "ఎక్కడన్నా తెగితే దీంతో వెలుగు కొడతామండీ. తెగిన చోట తగిలి కొంచెం వెలుగు వెనక్కొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి, ఎనిమిది కిలోమీటర్ల అవతల తెగిందని ఇక్కడ కూర్చుని చెప్పేస్తుంది. మేం వెళ్లి అక్కడే తవ్వుతాం."

నేను ఆ గొయ్యి అంచున చాలాసేపు నిలబడ్డాను. ఆ దారంలో ఇప్పుడు ఎంతమంది మాటలున్నాయని అడిగితే, బాజీ తల గోక్కుని, లెక్క తనకి తెలియదనీ, తెగిన రోజు మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నీ తనని తిడతాయనీ చెప్పాడు. చెబుతున్నాను, నాకు ఒళ్లు గగుర్పొడిచింది. గుడిలో నిలబడ్డప్పుడు కూడా అంత కాలేదు, స్వామి నన్ను క్షమించాలి.

వినగడప, మొదటి సాయంత్రం

కొత్త ఇల్లు చిన్నదే. రెండు గదులు, స్లాబు, ముందు వరండా. తలుపులకి వార్నిష్ ఇంకా వాసనొస్తోంది. ప్రార్థన కాకుండా లోపల కాపురం పెట్టకూడదని రూతమ్మ పక్కనే ఉన్న పాత రేకుల షెడ్డులోనే వంట చేస్తోంది. మా వైపు ఆవుని లోపల తిప్పి, పాలు పొంగించేదాకా ఆగినట్టే. వరండాలో కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చింది.

సలోమి వీడియో కాల్ చేసింది. బొద్దుగా, నవ్వు ముఖంతో ఉంది. వెనక తెల్లటి టైల్సున్న వంటగది. "మేడం గారూ, మీరేనా సైన్సు మేడం? మా అక్క ముఖం చూడండి, పరీక్షకి కూర్చున్నట్టుంది" అంది. మా అందరికీ నవ్వొచ్చింది. మాటకి మాట, నవ్వుకి నవ్వు. మధ్యలో సముద్రం ఉందని ఎవరనుకుంటారు?

తర్వాత పాడారు.

*గట్టు దాటి వచ్చావయ్యా, గడప లేని నా కాడికి,*
*పేరు పెట్టి పిలిచావయ్యా, పేరు లేని నా కాడికి.*

మొదటి మాటకి బానే ఉంది. రెండో మాటకి సలోమి కొంచెం వెనకబడింది. అది విని రూతమ్మ ఆగింది. రూతమ్మ ఆగడం విని అక్కడ సలోమి ఆగింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఆగుతూ, రెండో పాదానికి వచ్చేసరికి పాట నడవలేక కూలబడింది. రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూశారా అమ్మగారూ" అంది.

నేను నా పాఠం మొదలుపెట్టాను. సలోమి గొంతు గాలిలో రావట్లేదు. గాలే మోయాల్సి వస్తే, మోయగలిగినా, కువైట్‌లో వేసిన కేక ఇక్కడికి చేరడానికి మూడు గంటలు పడుతుంది. విజయవాడ నుంచి నా బస్సుకి పట్టినంతసేపు. అందుకని ఫోను ఆ గొంతులోని ఎత్తుపల్లాల్ని అంకెలుగా మారుస్తుంది. ఫోను నుంచి టవరు దాకా ఆ అంకెలు వెళ్లే తరంగం వెలుగుకి తోబుట్టువే, మన కంటికి కనపడదంతే. టవరు నుంచి గాజు దారంలో అచ్చంగా వెలుగే, ఆరుతూ వెలుగుతూ పరిగెడుతుంది. ఇసక కింద, సముద్రం అడుగున, మళ్లీ మన రోడ్ల కింద. గాజులో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. కువైట్ దారి అయిదు వేల కిలోమీటర్లు అనుకున్నా, మనం రెప్ప ఒకసారి వాల్చి ఎత్తేలోపు నాలుగుసార్లు వెళ్లి రాగలదు.

రూతమ్మ శ్రద్ధగా వింది. తర్వాత, "అయితే నేను వినేది మా చెల్లెలి గొంతు కాదా?" అంది.

ఆ ప్రశ్న ఏ సిలబస్‌లోనూ లేదు. విజయ నా వంక చూసింది. "గొంతు మళ్లీ ఇక్కడ ఫోనే తయారు చేస్తుంది" అన్నాను, నెమ్మదిగా. "కానీ ఆ ఎత్తుపల్లాలన్నీ దానివే రూతమ్మా. అది ఎక్కడ ఊపిరి పీల్చుకుంటే నీకూ అక్కడే వినపడుతుంది."

"అయితే చాలు" అంది.

"అంత వేగంగా వస్తే మరి పాట ఎందుకు కలవట్లేదు?" అని అడిగింది విజయ. ఇరవై ఏళ్ల తర్వాత కూడా నన్ను ఇరికించడం మానలేదు.

వెలుగు తప్పు కాదు. దాన్ని ఎక్కించే, దించే యంత్రాలది ఆలస్యం. ఫోను గొంతుని చిన్న చిన్న ముక్కలు చేసి మూటలు కడుతుంది. ఒక్కో కూడలిలో ఆ మూటలు తమ వంతు కోసం ఆగుతాయి. ఇటు ఫోను అవి వరసగా చేరాయో లేదో చూసుకుని అప్పుడు విప్పుతుంది. అన్నీ కలిసి, నేను ఇద్దరి చేతా చిటికెలు వేయించి లెక్క చూస్తే, అటు వెళ్లి ఇటు రావడానికి అర సెకను దాకా తేలింది. మాటలకి అర సెకను ఎవరికీ తెలియదు. పాటకి తెలుస్తుంది.

"కారణం తెలిసింది కదా, మందు కూడా తేలికే" అన్నాను, గర్వంగా. రూతమ్మని కొంచెం ముందే ఎత్తుకోమన్నాను. ఎత్తుకుంది. దాంతో సలోమి ఇంకా వెనకబడి, గాభరాపడి, రెండో పాదం పాడబోయి మొదటి పాదం పాడింది. మూడుసార్లు చేయించాను. మూడోసారికి సలోమి, "మేడం గారూ, ముందే నయమండీ" అంది.

పోనీ ఒకరు పాడింది రికార్డు చేసి దాంతో ఇంకొకరు పాడండి అన్నాను.

"రికార్డులో మా చెల్లెలు ఉండదు కదండీ" అంది రూతమ్మ. "ఆ పూట అది ఉండాలి."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. విజయ కొత్త ఆవకాయ వేసినా సరే.

వినగడప, రెండో సాయంత్రం

బుధవారం మళ్లీ వెళ్లాం. నా దగ్గర కొత్త ఉపాయమేమీ లేదు. తెలియదని చెప్పడానికే వెళ్లాను. రూతమ్మ వరండాలో కూర్చుని మర్నాటి భోజనాలకి ఉల్లిపాయలు ఒలుస్తోంది. నేనూ ఒక కత్తి తీసుకున్నాను.

"మీ అమ్మ నాట్లలో ఈ పాట ఎలా పాడేది?" అని ఊరికే అడిగాను.

"పెద్ద పెద్ద మడి చెక్కలండీ. మా అమ్మ ఈ గట్టున ఎత్తుకునేది. ఆ గట్టు దగ్గరున్న వాళ్లు అందుకునేవాళ్లు. వాళ్ల పాట మా కాడికి తిరిగొచ్చేసరికి కొంచెం ఆలస్యంగానే వచ్చేది." ఆమె చేతిలో ఉల్లిపాయ ఆగింది. "చిన్నప్పుడు నేను అమ్మ పక్కన వంగి, వాళ్ల కోసం ఆగి పాడితే అమ్మ తిట్టేది. ముందు పాడే మనిషి వెనక చెవి పెట్టకూడదే అనేది. నువ్వు చెవి పెడితే చేను మొత్తం ఆగిపోద్ది అనేది."

నా చేతిలో కత్తి కింద పెట్టేశాను. ముప్పై ఒక్క ఏళ్ల ఫిజిక్సుకి తట్టనిది ఆ నాట్ల చేలో ఉంది. ఒకళ్లు వినకుండా పాడాలి. ఒకళ్లు విని కలవాలి. ఇద్దరూ వినబట్టే పాట కూలుతోంది.

సలోమికి చెప్పాం. స్పీకరు ఆపేసి, ఫోన్ని చెవి దగ్గర కాకుండా నోటి దగ్గర పెట్టుకుని, అక్క కోసం చూడకుండా పాట మొత్తం పాడెయ్యమని. ఇక్కడ రూతమ్మ స్పీకరు పెట్టుకుని, వచ్చిన పాటతో పాటే పాడుతుంది.

సలోమి ఎత్తుకుంది. రూతమ్మ కళ్లు మూసుకుని అందుకుంది.

కలిసింది. ఎలా చెప్పను? ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి పొగలో పెరిగిన రెండు గొంతులు, ఒకటి కింద ఇంకొకటి ఒదిగి, ఆ ఖాళీ గదుల్లోకి వెళ్లి స్లాబుకి తగిలి తిరిగొచ్చాయి. ఒక గొంతు నా ఎదుట మనిషిది. రెండోది ఎడారి అంచున ఒక వంటగదిలోంచి బయల్దేరి, సముద్రం అడుగున చీకట్లో వెలుగై పరిగెత్తి, బహుశా బాజీ అతికిన ఆ ముక్కలోంచే దూరి వచ్చింది. విజయ ఏడ్చేసింది. నా సంగతి అడక్కండి.

పాట అయ్యాక సలోమి స్పీకరు పెట్టుకుంది. "కలిసిందా అక్కా?"

"కలిసిందే! ఎంత బాగా కలిసిందో!"

"నిజంగానా?" అంది సలోమి. "నాకు ఈ ఫ్రిజ్జు మోతే వినపడింది. సర్లే. మీరు విన్నారు కదా, అదే చాలు." మళ్లీ నవ్వు తెచ్చుకుని, రేపు ముసలావిడకి టిఫిన్ పెట్టాక పది నిమిషాలు తనవేననీ, ఆ టైముకి తయారుగా ఉంటాననీ చెప్పి పెట్టేసింది.

మేం సంబరపడిపోతూ లేచాం. రూతమ్మ మాత్రం ఆ ఫోన్ని చేతిలోనే పట్టుకుని, తర్వాత ఉల్లిపాయల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

గురువారం

పొద్దున్న పదింటికి ఊరు సగం అక్కడే ఉంది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, వెనక పొయ్యి మీద పలావు, కోడికూర. గుమ్మానికి గులాబీ రంగు రిబ్బను కట్టారు. మా వైపు మామిడాకుల తోరణం ఉండే చోట. పాస్టరు గారు ప్రార్థన చేసి రూతమ్మ చేత రిబ్బను కత్తిరించారు. ఒక్కో గదిలో నిలబడి, ఈ గదిలో పడుకునేవాళ్లని దీవించు, ఈ పొయ్యిని దీవించు అని ప్రార్థన చేశారు. వెళ్లినవాళ్లందరం గదిగదికీ ఆయన వెనకే నడిచాం. నాకు బాగా నచ్చిందది.

తర్వాత అందరూ ముందు గదిలోనూ వరండాలోనూ సర్దుకున్నారు. "ఇప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ పాట పాడతారు" అని పాస్టరు గారు చెప్పారు. ఊళ్లో వాళ్లకి ముందే తెలుసు. కువైట్ నుంచి సలోమి గొంతు ఈ ఇంట్లో వినపడబోతోందని మెడలు చాచి చూస్తున్నారు.

ఫోన్ నా చేతిలో ఉంది. సలోమి లైన్లోకి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, ఆ వంటగదిలో ఒంటరిగా. "నేను రెడీ మేడం గారూ. స్పీకరు ఆపేస్తున్నా" అంది.

"ఆపకే" అంది రూతమ్మ, నా భుజం పక్క నుంచి ముందుకు వంగి. "స్పీకరు పెట్టుకో. గట్టిగా పెట్టుకో. ముందు నేను పాడతా. నువ్వు నాతో కలువు."

"అదేంటక్కా? అట్లా అయితే అక్కడ కలవదు కదా. అంతమంది వచ్చారు."

"ఇక్కడ కలవకపోతే ఏం? కలిసేది నీ కాడ కలవనీ." తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, "అమ్మగారూ, ఇటు స్పీకరు ఆపెయ్యండి. దాని గొంతు వింటే నేను ఆగిపోతాను" అంది.

నేను ఆపాను. ఫోన్ని మైకులా ఆమె నోటి ముందు పట్టుకున్నాను.

రూతమ్మ పాడింది. ఆ గదిలో వినపడింది ఒక్క గొంతే. గట్టు దాటి వచ్చావయ్యా. ఎవరికోసమూ ఆగకుండా, ఎటూ చెవి పెట్టకుండా, గోడకేసి చూస్తూ పాడింది. వరండాలో ఎవరో, "రెండోది ఏదీ? ఫోన్ కలవలేదా?" అని గుసగుసలాడారు. "పాపం, ఒక్కతే పాడుతోంది" అని ఇంకెవరో. రూతమ్మకి అవి వినపడ్డాయి. నుదుటి మీద చెమట కారుతోంది. తుడుచుకోలేదు. ఆమె నోట్లోంచి వచ్చిన ఒక్కో మాటా నా చేతిలోంచే బయల్దేరుతోందని, మేమందరం వింటున్నప్పుడే అది గోడలూ రోడ్లూ సముద్రమూ దాటేస్తోందని నాకు తెలుసు. తెలిసీ నమ్మలేకపోయాను. ఫోన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.

చివర్లో మళ్లీ మొదటి పాదం వచ్చింది. ఆఖరి మాటని రూతమ్మ సాగదీసింది. అది ఇంకా పూర్తి కాకుండానే నా వేలు ఆగలేదు, స్పీకరు నొక్కేశాను.

రూతమ్మ ఆపింది. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, అర సెకను వెనక, ఫోన్లోంచి సలోమి గొంతు పాట ముగించింది.

*...నా కాడికి.*

అప్పటిదాకా అక్కడ కువైట్‌లో రెండు గొంతులతో పాట నడిచిందని ఊరంతటికీ ఒక్కసారిగా తెలిసింది. ఫోన్లో ఊపిరి ఎగపీల్చిన చప్పుడు వచ్చింది.

"కలిసిందా చెల్లీ?" అంది రూతమ్మ.

జవాబుకి అర సెకను కంటే చాలా ఎక్కువే పట్టింది.

"కలిసిందక్కా" అంది సలోమి. "నువ్వు ఇక్కడే ఉన్నావు."